మడత దగ్గర తెగిన వేడి

షాద్‌నగర్ దగ్గర నేను పనిచేసే కంపెనీలో మేము తయారుచేసేది వేడి. ఈ మాట మొదటిసారి ఇంట్లో చెప్పినప్పుడు మా అమ్మ బియ్యం చెరగడం ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"వేడి అమ్ముతరా? మన దిక్కు? గీ ఎండలు సాలయా మీకు?" అంది.

అమ్మను తప్పుపట్టలేను. మార్చి దాటితే మా నల్లగొండ పల్లెల్లో చెప్పుల్లేకుండా బండ మీద కాలు పెట్టలేం. అలాంటి ఊరి పిల్ల పాలిటెక్నిక్ చదివి, ఎక్కడో కిరాయి గదిలో ఉండి, వేడి తయారుచేస్తున్నానంటే నవ్వక ఏం చేస్తారు? మా సరుకు ఇక్కడివాళ్లకు కాదని, చలి దేశాలకూ ఆపరేషన్ బల్లలకూ పోతుందని చెప్పాను. అమ్మ నమ్మలేదు. నమ్మించే ఓపిక నాకూ లేదు. నాకు చిన్నప్పటి నుంచీ ఓపిక తక్కువే.

పని చెప్పుకోవడానికి తేలిక. బట్ట పొరల మధ్య నల్లటి కార్బన్ పట్టీలు కుట్టి బొంత లాంటి పల్చటి పరుపులు చేస్తాం, ఆ పట్టీల్లోకి కరెంటు పంపుతాం. కార్బన్ పోగు తలవెంట్రుక కన్నా సన్నం. అలాంటివి వేలకొద్దీ పక్కపక్కన చేరితే రిబ్బను లాంటి ఒక పట్టీ అవుతుంది. రాగిలో కరెంటు హాయిగా నడిచిపోతుంది, అందుకే రాగి తీగ పెద్దగా వేడెక్కదు. కార్బన్‌లో అంత హాయి లేదు, తోసుకుంటూ పోవాలి. ఆ తోపులాటలో పుట్టేదే వేడి. హీటరులోని తీగచుట్టలాగా ఎర్రబడదు, కాలిన వాసన రాదు. పక్క అంతా సమంగా, పొద్దుటి ఎండలో గోడకు ఆనుకుని కూర్చున్నంత వెచ్చగా ఉంటుంది. తయారైన ప్రతి పరుపునూ మీటరు పెట్టి చూసి, సరిగ్గా ఉంటే మూలన నా గుర్తు వేసి పంపడం నా పని.

బాపుకు, అంటే మా నాన్నకు, ఒకటి చేసివ్వాలన్న ఆలోచన నాకు మొదట్లో రాలేదు. మా అన్న గొర్రెల మాట ఎత్తిన రోజున వచ్చింది.

మాది గొర్రెలు కాసే ఇల్లు. ఊరు మునుగోడు వైపు. ఆ వైపు నీళ్ల సంగతి తెలియనివాళ్లు మన రాష్ట్రంలో తక్కువ. బాపు పుట్టినప్పటి నుంచీ ఆ నీళ్లే తాగాడు, బావి నీళ్లు కొంతకాలం, బోరింగు నీళ్లు ఎక్కువకాలం. ఫ్లోరైడు పళ్ల మీద గోధుమరంగు గీతలు గీసి ఊరుకోలేదు. ఎముకల్లోకి దిగి మెడను, నడుమును, మోకాళ్లను కొయ్యలా బిగించింది. తెలంగాణ వచ్చాక ఇంటింటికీ నల్లా వచ్చింది, కృష్ణా నీళ్లు వచ్చాయి. మా అన్న పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. ఆ పళ్లను చూసి బాపు సంతోషపడని రోజు లేదు. కానీ ఆయన ఎముకల్లో చేరినదాన్ని ఏ నల్లా కడగలేదు.

ఎండాకాలం ఆయన బాగానే తిరిగేవాడు. చలికాలం వస్తే పొద్దున లేవడమే గండం. మంచం మీద ఒళ్లంతా ఒకే ముక్కలా బిగుసుకుపోయేది. అమ్మ ఒక పక్క, పక్కింటివాళ్లెవరో ఇంకో పక్క పట్టి లేపాలి. ఒకసారి నిలబడి నాలుగు అడుగులు వేశాడంటే ఇక ఆయన వెనక మనం నడవలేం. పొద్దుగూకేదాకా గుట్టల మీద మందతో ఉంటాడు.

నకిరేకల్‌లో టైర్ల దుకాణం పెట్టుకున్న మా అన్న ఒక ఆదివారం వచ్చి, అన్నం ముందు కూర్చుని చెప్పేశాడు.

"బాపూ, ఇద్దరు పట్టి లేపితె లేస్తున్నవు. ఇంక మంద ఎనక ఎట్ల తిరుగుతవు? ఏ గుట్ట మీదనో పడితె ఎవ్వలు చూస్తరు? అమ్మేద్దాం."

"లేసుడే కష్టం బిడ్డా. లేస్తె నాకేం కాదు."

"అయితె గీ చలికాలం ఎవ్వలు చెయ్యెయ్యకుంట లేసి, మందను నువ్వే తోల్కపో. గట్ల చేస్తె నేను మల్ల అమ్ముడు మాట ఎత్త."

"ఎత్తొద్దు మరి," అన్నాడు బాపు. తింటున్న కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

అన్న చెడ్డవాడు కాదు. తండ్రి పడిపోతాడని భయం. కానీ ఆ గొర్రెలు లేకపోతే బాపు ఏమవుతాడో మాకు ముగ్గురికీ తెలుసు. ఏ గొర్రె ఎప్పుడు ఈనిందో, దేని తల్లి ఏదో, ఏది ఏ చెట్టు ఆకు తినదో ఆయనకు తెలుసు. మనుషులతో అంతగా కలవడు. మంద ముందు నడిచే గొర్రెపోతుతో మాట్లాడినంత సేపు నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నేను అలిగి ఈ మాట ఒకసారి అన్నాను కూడా. "అది ఎదురు చెప్పది బిడ్డా," అన్నాడు.

అప్పుడు అనుకున్నాను, రాత్రంతా ఆ నడుము కింద వెచ్చగా ఉంటే పొద్దున బిగుసుకోదు కదా అని. మా ఓనరును అడిగాను. ముక్కలు మిగిలాయి, చేసుకోమన్నాడు. బాపు పొడవుకు, మంచం వెడల్పుకు సరిపోయేలా నేనే కత్తిరించి నేనే కుట్టించాను. తల వైపు నుంచి కాళ్ల వైపుకు ఏడు నల్ల పట్టీలు, దేని దారి దానిది. ఇంటి కరెంటు నేరుగా రాకుండా మధ్యలో ఒక చిన్న పెట్టె, అది కరెంటును బాగా తగ్గించి పంపుతుంది, ముట్టుకున్నా జిల్లుమనదు. పెట్టె మీద పచ్చ దీపం. మీటరు పెట్టి చూసి, అలవాటు ప్రకారం మూలన నా గుర్తు వేశాను.

దీపావళి తర్వాత తీసుకుపోయాను. బాపు ఇంట్లో పడుకోడు, దొడ్డి పక్కన రేకుల పంచలో పడుకుంటాడు. మంద విడిచి ఇంట్లో పడుకుంటే నిద్ర రాదంటాడు. పంచలోకి వైరు లాగి, మంచం మీద పరుపు పరిచి, పైన ఆయన నల్ల గొంగడి వేశాను.

"బాపూ, ఒక్కటే మాట. దీన్ని మడత పెట్టొద్దు. పొద్దున లేసినంక చుట్టి పెట్టు."

"చాప లెక్కనా?"

"ఆ, చాప లెక్కనే. మడత పెడితె లోపట పోగులు ఇరుగుతయి."

"మంచిది," అన్నాడు.

ఆ పరుపు పని చేసింది. నేను తయారుచేసిన వస్తువుల్లో నా కళ్లముందు మనిషికి పనికొచ్చింది అదొక్కటే. మర్నాడు పొద్దున అమ్మ లేపడానికి వెళ్లేసరికి బాపు మంచం పట్టె మీద కూర్చుని ఉన్నాడు. ఎవరూ చెయ్యి వేయలేదు. రెండు మోకాళ్ల మీద చేతులు ఆనించి, మూలుగు లేకుండా లేచి నిలబడ్డాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఇదంతా మామూలే అన్నట్టు మొహం పెట్టాను. లోపల ఎంత గర్వపడ్డానో దేవుడికి తెలుసు.

రెండు రోజుల్లో వాడకట్టంతా తెలిసిపోయింది. బాపు లాంటి నడుములు మా ఊళ్లో చాలా ఉన్నాయి. ఒక్కొక్కరే వచ్చి పరుపు మీద కూర్చుని లేవడానికి ఇష్టపడలేదు. వంగిన నడుముతో కర్ర పట్టుకు వచ్చే ఒక ముసలమ్మ అయితే కాళ్లు చాచి కూర్చుని, "గిది నా పేరు మీద రాసియ్యమను మీ బాపును. మంచం గూడ వద్దు, ఉట్టి గిది ఇస్తె సాలు," అంది. అమ్మ ఆమెకు చాయ పోసి బతిమాలి పంపింది.

నేను షాద్‌నగర్ వచ్చేశాను. రోజూ పొద్దున డ్యూటీకి పోయే ముందు ఫోన్ చేసేదాన్ని.

"లేసినవా బాపూ?"

"నేను లేసుడు ఎప్పటిదో, మంద గూడ లేసింది."

"ఎట్లుంది?"

"మంచిగున్నది బిడ్డా. పెయ్యంత ఎచ్చగున్నది."

ఒళ్లంతా వెచ్చగా ఉందంటే నాకు అంతకన్నా ఏం కావాలి? అన్న కూడా ఫోన్ చేసి, "ఏం మంత్రం ఏసినవే? నాకు గూడ ఒకటి చెయ్యి," అని వేళాకోళం చేశాడు. అమ్ముడు మాట ఎత్తలేదు.

చలి ముదురుతున్నప్పుడు ఒకసారి ఇంటికి వెళ్లాను. పరుపు పంచలో గోడవార చక్కగా చుట్టి నిలబెట్టి ఉంది. చెప్పినమాట విన్నాడని ముచ్చటపడ్డాను. ఆ పూట నా మనసు మాత్రం మంచిగా లేదు. బయటి దేశానికి పంపిన సరుకులో కొన్ని వాపసు వచ్చాయి, కుట్లు ఊడాయని. తిట్లన్నీ నాకే. అన్నం తింటూ ఆ కోపమంతా ఇంట్లోవాళ్ల మీద వెళ్లగక్కాను.

"వాపసొచ్చిన ప్రతిదాని మీద నా గుర్తే ఉంటది కదా. ఎవలు కుట్టిండ్రో అడగరు. గుర్తు ఎవలిదో చూస్తరు. ఇంకో రెండు వాపసొస్తె నన్ను ఇంటికి పొమ్మంటరు," అన్నాను.

అది కోపంలో అన్నమాట. ఓనరు రోజుకొకరిని అలా బెదిరిస్తూనే ఉంటాడు, ఎవరినీ పంపింది లేదు. బాపు తినడం ఆపి అడిగాడు.

"నాకిచ్చిన దాని మీద గూడ నీ గుర్తు ఉన్నదా?"

"ఉంటది మరి. నేనే కదా చూసింది."

ఆయన మజ్జిగ పోసుకున్నాడు. నేను ఆ సాయంత్రమే బస్సెక్కాను.

ఆ తర్వాత కూడా ఫోన్‌లో అదే జవాబు. పెయ్యంత ఎచ్చగున్నది. గొంతు కొంచెం బొంగురుగా ఉంటే జలుబనుకున్నాను. తర్వాత అమ్మ మాటల్లో ఏదో తేడా కనిపించింది. లేవడం ఆలస్యమవుతోందట. మంచం కోడు పట్టుకుని చాలాసేపు తిప్పలు పడుతున్నాడట. తను పట్టబోతే కసురుతున్నాడట.

"పరుపు మంచిగనే ఎచ్చగయితుందా అమ్మా?"

"పచ్చ లైటు ఎలుగుతనే ఉన్నది కదనే," అంది అమ్మ.

అయితే రోగమే ముదిరిందని నేను అనుకున్నాను. ఇంతకన్నా వేడి పెంచితే ఒళ్లు కాలుతుంది, పెంచకూడదు. చేయగలిగింది చేశాను అని సర్దిచెప్పుకున్నాను.

సంక్రాంతి పోయిన కొద్దిరోజులకు అన్న ఫోన్ వచ్చింది. బాపు పొద్దున లేవబోయి మంచం పక్కనే బోర్లా పడ్డాడు. కాళ్లు మాట వినలేదు. దొడ్డి తలుపు తీసేవాళ్లు లేక మంద అరుస్తుంటే, ఆ అరుపులకు అమ్మ వచ్చి చూసింది. నల్లగొండ దవాఖానకు తీసుకుపోయారు. ఎముక పెరిగి నరాన్ని నొక్కుతోందని, ఇక గుట్టలెక్కడం కుదరదని డాక్టరు చెప్పాడు.

"ఇంక నువ్వే చెప్పు చెల్లే. నేనేమన్న తొందరపడ్డనా?" అన్నాడు అన్న.

గొర్రెలను తీసుకుపోయిన రోజు నేను ఊళ్లోనే ఉన్నాను. ఆ రోజు గురించి ఎక్కువ రాయలేను. బేరగాళ్లు డీసీఎం బండి తెచ్చి దొడ్డి ముందు ఆపి, వెనక పలక వాల్చారు. గొర్రెలు ఎక్కలేదు. తోశారు, మెడలు పట్టి లాగారు, ఆకు చూపించారు. పోతు పలక దగ్గరదాకా వచ్చి కాళ్లు బిగించి నిలబడింది. అది కదలకపోతే ఒక్కటీ కదలదు. చివరికి వాళ్లలో పెద్దమనిషి బాపు కుర్చీ దగ్గరకు వచ్చాడు.

"నువ్వు ఒక్కసారి పిలువు పెద్దయ్యా. ఊకె కొట్టుడెందుకు వాటిని?" అన్నాడు.

బాపును అక్కడిదాకా మోసుకుపోయాం. బండి పక్కన నిలబెట్టి అన్న పట్టుకున్నాడు. బాపు నాలుకను అంగిలికి కొట్టి, రోజూ పొద్దున దొడ్డి తలుపు తీసి చేసే చప్పుడే చేశాడు. పోతు చెవులు నిక్కబొడుచుకుని పలక ఎక్కింది. దాని వెనక మందంతా ఎక్కేసింది. ఒక్కటి కూడా మొరాయించలేదు. ఆ రోజు నాకు బేరగాళ్ల మీద, అన్న మీద, ఆ నీళ్ల మీద, అందరి మీదా కోపం వచ్చింది. ఆ గొర్రెల మీద కూడా వచ్చింది.

మర్నాడు పంచ ఖాళీ చేస్తున్నాను. దవాఖాన నుంచి వచ్చాక కూడా మంద పోయేదాకా బాపు అక్కడే పడుకున్నాడు, ఇక ఆ పని లేదు, మంచం ఇంట్లోకి మార్చాలి. మంచం మీద గొంగడి తీస్తే కింద పరుపు నాలుగు మడతలు వేసి ఉంది. నిలువున ఒకటి, అడ్డంగా ఒకటి. గొంగడి మడత ఎలా ఉంటుందో సరిగ్గా అలాగే. విప్పాను. నడిమధ్యన, అడ్డం మడత పొడవునా, గోధుమరంగు మచ్చలు వరసగా ఉన్నాయి. ఇస్త్రీ పెట్టె ఎక్కువసేపు ఆనించినట్టు ఉన్నాయి. ఏడు పట్టీలకు ఏడు మచ్చలు.

ప్లగ్గు పెట్టాను. పచ్చ దీపం వెలిగింది. అరచేయి ఆనించి కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. పరుపు చల్లగా ఉంది.

ఆ దీపం పెట్టెలోకి కరెంటు వస్తోందని మాత్రమే చెబుతుంది. పట్టీలో పారుతోందా లేదా దానికి తెలియదు. మడత దగ్గర పోగులు కొన్ని విరుగుతాయి. మిగిలిన పోగుల మీద భారమంతా పడి అక్కడ మాత్రం విపరీతంగా వేడెక్కుతుంది, బట్ట మాడుతుంది. తర్వాత అవీ తెగిపోతాయి. ఆ పట్టీ పని అంతటితో సరి. ఇదంతా నాకు కంపెనీలో నేర్పిన పాఠమే.

పరుపు భుజాన వేసుకుని ఇంట్లోకి పోయి బాపు ముందు పడేశాను.

"ఇది ఎన్నటిసంది పనిచేస్తలేదు?"

బాపు తల దించుకున్నాడు. నా కోపం ఆయనకు తెలుసు. అమ్మ అడ్డం వచ్చింది.

"మడత పెట్టొద్దని నేను మొత్తుకున్ననే. వినలే. నువ్వొస్తున్నవంటె మాత్రం చుట్టి నిలవెట్టేటోడు," అంది.

"నేనేం చెయ్యాలె బిడ్డా?" అన్నాడు బాపు నెమ్మదిగా. "లేస్తనే చేతులు వాటంతట అయ్యే మడతలేస్తయి. పొద్దు పొడిసినంక పక్క పరిచి ఉంటె పానం బాగలేనోని పక్క అంటరు. చుట్టుడు నాకు ఎన్నడు అలవాటు లేదు. నాలుగు మడతలేసి గొంగడి కింద పెడుతుంటి."

ఊహ తెలిసినప్పటి నుంచీ గొంగడిని నాలుగు మడతలు వేసి భుజాన వేసుకున్న మనిషి. వానొస్తే అదే గొంగడి నెత్తిన కప్పుకునేవాడు, రాత్రయితే అదే పక్క. చుట్టమని చెప్పడం నాకు తేలికే, ఆ చేతులకు తేలిక కాదు.

"చల్లగయినంకనన్న చెప్పొచ్చు కదా?"

"ఒక్కపారి చల్లగ కాలే. ముందుగాల నడిమిట్ల చార చల్లవడ్డది. మల్ల దాని పక్కది. ఏ చార ఎచ్చగుంటె ఆ చార మీదికి నడుము జరుపుకుంటి. ఆఖరుకు గోడ దిక్కు ఒక్కటే మిగిలింది. దాని మీద ఒక పక్కకు ఒత్తిగిలి పండుకుంటి. అది గూడ పోయింది."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ఫిర్యాదు లేదు. ఏ గొర్రె ఎప్పుడు పోయిందో చెప్పినట్టే చెప్పాడు.

"మరి రోజు ఫోన్ల నాతోని పెయ్యంత ఎచ్చగున్నది అంటివి?"

"నువ్వే అంటివి కద బిడ్డా, వాపసొస్తె నీ మీద పడుతదని. నీ గుర్తున్నదంటివి. మడత పెట్టింది నేను. నా తప్పుకు నీ కొలువు పోగొట్టుకుంటవా?"

అది కంపెనీ అమ్మిన పరుపు కాదని, ఎక్కడికీ వాపసు పోదని, దాని లెక్క ఎవరూ అడగరని ఆయనకు తెలియదు. ఆయన దృష్టిలో నేను చూసి గుర్తు వేసిన ప్రతిదీ ఒకటే.

"ఇంకోటి తెచ్చేదాన్ని కదా బాపూ," అని మాత్రం అన్నాను.

"అది గూడ గీ చేతులల్లనే ఖరాబైతుండె. ఎన్నని తెస్తవు?"

అన్ని రాత్రులు ఆ చల్లని బట్ట మీద పడుకుని, పొద్దున ఫోన్ తీసి నాకు వెచ్చగా ఉందని చెప్పిన మనిషిని తిట్టడానికి నాకు హక్కు లేదు. అయినా తిట్టాను. చాలా తిట్టాను. ఆ తర్వాత వంటింట్లోకి పోయి ఏడ్చాను. అమ్మ వచ్చి వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

ఆ పరుపును షాద్‌నగర్ తీసుకుపోయాను. అందరి ముందూ బల్ల మీద పరిచి కత్తెరతో కోశాను. మడత దగ్గర పోగులు నలిగి మసిలా రాలాయి. ఓనరు వంగి చూసి, నాకు చీవాట్లు పెడతాడనుకుంటే, ఎదురు ప్రశ్న వేశాడు.

"ఇది మన దగ్గరికి ముందే ఎందుకు రాలేదమ్మా? ఇలాంటిది ఒకటి వాపసు వస్తేనే కదా మనకు తెలిసేది!"

మా పరుపులన్నీ బల్లల మీదా పెద్ద మంచాల మీదా పరిచి ఉంటాయి. వాటిని మడిచేవాళ్లే లేరు. రోజూ పొద్దున లేచి పక్క మడిచి పెట్టే మనిషి చేతిలో పడితే ఏమవుతుందో మేము ఎన్నడూ ఆలోచించలేదు. మడవొద్దని కాగితం మీద రాసి చేతులు దులుపుకున్నాం.

ఆలోచిస్తే ఉపాయం ఎంతో దూరంలో లేదు. మడత పడే చోట కార్బన్ లేకుండా నాలుగు వేళ్ల వెడల్పు వదిలేయాలి. ఆ ఖాళీలో పట్టీ పై ముక్క నుంచి కింది ముక్కకు సన్నటి రాగి తీగల జడ కలపాలి. రాగి జడ ఎటు వంచినా వంగుతుంది, కరెంటు దాని మీదుగా హాయిగా దాటిపోతుంది. మడత దగ్గర మాత్రం వెచ్చదనం ఉండదు, అంతే తేడా. నిలువు మడత పడే చోట అసలు పట్టీయే పెట్టకూడదు. పరుపు చేసి, అదేపనిగా మడిచి విప్పే యంత్రానికి బిగించి చూశాం. ఎంత మడిచినా మీటరులో ముల్లు ఉండాల్సిన చోటు నుంచి కదలలేదు. ఇదంతా అయ్యేసరికి వారం కూడా తిరగలేదు.

ఆ సంగతి నన్ను ఇప్పటికీ వదలడం లేదు. వారం. నడిమి చార చల్లబడిన పొద్దున బాపు ఆ ఒక్కమాట ఫోన్‌లో అని ఉంటే, మిగతా చారలు ఆరేలోగా కొత్తది ఆయన మంచం మీద ఉండేది. ఇష్టమొచ్చినట్టు మడిచిపెట్టుకునేవాడు. గొర్రెలు ఉండేవా? డాక్టరును ఈ మాట అడిగాను. నరం నలగడం వేడితో ఆగేది కాదని, కాకపోతే ఇంకొక చలికాలమో రెండో గడిచేవేమో, ఖాయంగా చెప్పలేనని అన్నాడు. ఆ రెండు చలికాలాలు నా కళ్లముందు నుంచి పోవు.

మడత పరుపు కంపెనీకి కలిసొచ్చింది. ఇప్పుడు మా దగ్గర ఎక్కువగా పోయేది అదే. దాని ఆలోచన ఎక్కడిదని బయటివాళ్లెవరైనా అడిగితే ఓనరు నన్ను చూపిస్తాడు. నాకు ఆ సమయంలో బల్ల కింద దూరాలనిపిస్తుంది.

అప్పటికే చలి పోయింది, ఎండాకాలమంతా పరుపుతో పనిలేదు కాబట్టి, మళ్లీ చలి మొదలవుతుండగా కార్తీకంలో బాపు కోసం ఒకటి చేయించి తీసుకుపోయాను. ఇంట్లో అడుగుపెట్టగానే అమ్మ నన్ను పక్కకు పిలిచి బాపు పాదం చూపించింది. మడమలో పెద్ద ముల్లు దిగి చీము పట్టింది. ఎప్పుడు గుచ్చుకుందో ఆయనకు తెలియదు.

మర్నాడు దవాఖానలో డాక్టరు బాపును కళ్లు మూసుకోమని, అరికాలి నుంచి మోకాలి దాకా సూదితో తాకుతూ పోయాడు. "తెలుస్తాందా?" అని అడిగిన ప్రతిసారీ బాపు ఎదురుచూస్తూనే ఉన్నాడు. సూది తాకిందనే తెలియలేదు. డాక్టరు నావైపు తిరిగి, ఇకనుంచి కాళ్లకు వేడినీళ్లు కూడా జాగ్రత్తగా చూసి పోయమన్నాడు. వేడి కాపడాలు, కరెంటు పరుపులు అసలే వద్దన్నాడు. చర్మం కాలినా ఈయనకు తెలియదన్నాడు. పరుపు అప్పుడు నా సంచిలో లేదు, ఇంట్లో మంచం మీద ఉంది. అయినా దొంగతనం బయటపడ్డట్టు నేను తలొంచుకున్నాను.

ఇంటికి వచ్చాక దాన్ని ఎత్తి సంచిలో పెట్టేస్తుంటే బాపు ఆపాడు.

"ఉండనియ్యే జర. చూడనియ్యి."

కుర్చీలో కూర్చున్న ఆయన ఒళ్లో పెట్టాను. విప్పాడు. నిలువున ఒకసారి, అడ్డంగా ఒకసారి మడత వేశాడు. మళ్లీ విప్పాడు, మళ్లీ వేశాడు. అంచులు కలిసేలా అరచేత్తో సాపు చేశాడు. అమ్మ ప్లగ్గు పెట్టింది. నేను పరుపును ఆయన మోకాళ్ల మీద నుంచి తీసి పక్కనున్న స్టూలు మీద పెట్టాను. బాపు దాని మీద రెండు చేతులూ ఆనించాడు. చేతులకు ఇంకా తెలుస్తుంది.

"ఎచ్చగున్నది," అన్నాడు. మడత ఉన్నచోటును వేళ్లతో తడిమాడు. "గీడ మెత్తగున్నది. గీడ ఇరగది ఇంక."

"ఇరగది బాపూ. ఎన్నిసార్లు మడిచినా ఏం కాదు."

ఆయన చేతులు తీయలేదు. కాసేపు వాకిట్లోకి చూశాడు. దొడ్డి ఉన్న జాగాలో అన్న ఇప్పుడు పాత టైర్లు పేర్చాడు.

"మస్తు కష్టమైందా బిడ్డా, గిట్ల మడత పడేటట్టు చేసుడు? ఎన్నొద్దులు పట్టింది?"

ఆయన నా మొహం వైపు చూడలేదు. పరుపు వైపే చూస్తూ అడిగాడు. అయినా ఆయన అడుగుతున్నదేమిటో నాకు అర్థమైంది. అమ్మకు కూడా అర్థమైంది కాబోలు, ప్లగ్గు దగ్గర వంగినదల్లా అలాగే ఆగిపోయింది.

"మస్తు కష్టమైంది," అన్నాను. "అందరం కూసోని చేస్తే మొన్ననే అయ్యింది. ఎండకాలం పోయింది, వానకాలం పోయింది దాని మీదనే."

"గంత పని ఉన్నదా దీంట్ల?"

"ఉన్నది బాపూ."

బాపు లెక్క చూసుకున్నాడు. ఎండకాలం, వానకాలం. ఎన్నో నెలలుగా బిగబట్టిన ఊపిరి వదిలినట్టు భుజాలు కిందికి దిగాయి.

"అయితె నేను అప్పుడే చెప్పినా, గా చలికాలంకు అందకపోతుండె."

"అందకపోతుండె బాపూ," అన్నాను.